పంచభూతాల సంతకాలు

సిమెంటు కొనడానికి సర్కారు పర్మిట్ కావాల్సి వచ్చేదంటే నమ్ముతావురా అబ్బాయ్? నమ్మవు. ఫోను మీద వేలు పెడితే గుమ్మం ముందు లోడు దిగే రోజుల్లో పుట్టినవాడివి. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ! మా రోజుల్లో సిమెంటు రేషను సరుకు. ఇల్లు కట్టుకునేవాడు మునిసిపాలిటీ పాస్ చేసిన ప్లాను చంకలో పెట్టుకుని, అర్జీ రాసి, స్టాంపు అంటించి, తాసీల్దారు ఆఫీసు వరండాలో నిలబడాలి. అక్కడి గుమాస్తా ప్లానుని అటూ ఇటూ తిప్పి చూసి, ఇన్ని బస్తాలని రాసేవాడు. వంద అడిగితే నలభై. నలభయ్యే రాస్తాడని తెలుసు కనక జనం ముందే లెక్క పెంచి అడిగేవాళ్లు. పెంచి అడుగుతారని తెలుసు కనక ఆయన ముందే తగ్గించి రాసేవాడు. ఇద్దరికీ ఈ సంగతి తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. ఏళ్ల తరబడి అలాగే నడిచింది.

పర్మిట్ చేతికొస్తే అయిపోయిందా? డీలరు దగ్గర సరుకుండాలి. "వ్యాగను ఇంకా రాలేదండీ" అనేవాడు. అది వచ్చిన రోజున కబురు చెప్పేవాడు మనకు లేకపోతే సరుకు సాయంత్రానికి ఖాళీ. అందుకని కొట్లో లెక్కలు రాసే కుర్రాడితో ముందే స్నేహం చేసుకోవాలి, వాడికి అప్పుడప్పుడూ ఇరానీ చాయ్ ఇప్పించాలి. యాభై కిలోల గోనె బస్తాలవి. ఇంటికి తెచ్చి మంచాల కింద సర్దేవాళ్లు. వానాకాలం తేమ తగిలి గడ్డ కట్టేది. ఆ గడ్డల్ని ఆడవాళ్లు రోకలితో దంచి జల్లెడ పట్టడం నేను కళ్లారా చూశాను. పారేయడమన్న మాటే లేదు. పక్కింటివాళ్ల శ్లాబుకి పది బస్తాలు తక్కువైతే మన గోడలు ఆపి అప్పిచ్చేవాళ్లం. అలా ఇచ్చిన సిమెంటు మీద వియ్యాలందుకున్నవాళ్లున్నారు, తిరిగి ఇవ్వలేదని మాటలు మానేసినవాళ్లూ ఉన్నారు. 1982 ఫిబ్రవరిలో కేంద్రం ఆ కంట్రోలు సగం ఎత్తేసింది. సర్కారు తీసుకునే లెవీ సిమెంటుకి ఒక ధర, బజారు సిమెంటుకి ఇంకో ధర. 1989లో మిగతా సగమూ పోయింది. అప్పటికి మా వీధిలో మంచాల కింద మళ్లీ ట్రంకుపెట్టెలు చేరాయి.

సరే, సిమెంటు దగ్గరే కూర్చుంటే తెల్లారిపోతుంది. నేను చెప్పదలచింది ఆ పర్మిట్‌కి మూలమైన కాగితం గురించి, ప్లాను పాస్ చేయించడం గురించి. నువ్వు ఆర్కిటెక్టు ఆఫీసులో చేరావనీ, నీకు డిజైను ఇవ్వకుండా అనుమతుల పని అప్పజెప్పారనీ, అందుకు ముఖం మాడ్చుకుని తిరుగుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. ముఖం మాడ్చుకోకు. ఆ పని చేతకాక బొమ్మలుగానే మిగిలిపోయిన గొప్ప గొప్ప డిజైన్లు నేను బీరువాల నిండా చూశాను. ఆ కుంపటి ఇటు జరిపి కూర్చో.

నేను హైదరాబాదులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరేనాటికి కంప్యూటరు లేదు. బల్లంత డ్రాయింగు బోర్డు, టీ స్క్వేరు, సెట్ స్క్వేర్లు, రోట్రింగ్ పెన్నులు. ట్రేసింగు కాగితం మీద సిరాతో గీసేవాళ్లం. గీత తప్పితే బ్లేడుతో గీకాలి, చిరగకుండా. గీకిన చోట గోటితో నున్నగా రుద్ది మళ్లీ గీయాలి. చెమట చెయ్యి ఆనితే సిరా అలుక్కుపోతుందని చేతి కింద పాత కాగితం పెట్టుకునేవాళ్లం. ట్రేసింగు తయారయ్యాక రేకు గొట్టంలో పెట్టుకుని ప్రింటు తీసే కొట్టుకి సైకిలు మీద పోవడం. అక్కడ అమ్మోనియా వాసనకి కళ్ల వెంట నీళ్లు కారేవి. బయటికొచ్చేది తెల్ల కాగితం మీద నీలి గీతలైనా జనం దాన్ని బ్లూప్రింటనే అనేవాళ్లు. ఎండ తగిలితే వెలిసిపోతుంది కనక వెంటనే మడత పెట్టేయాలి. మడతకీ ఒక పద్ధతుంది. యజమాని పేరూ సర్వే నంబరూ ఉన్న మూల పైకి కనిపించాలి. ఫైలు విప్పిన అధికారికి ప్రింటు మొత్తం పరిచే పని పెట్టకూడదు.

ఆ తర్వాత రంగులు. కొత్తగా కట్టేది ఎరుపు. కూల్చేది పసుపు అడ్డగీతలు. ఉన్న రోడ్డు ఆకుపచ్చ. స్థలం హద్దు లావుపాటి నల్లగీత. డ్రైనేజీ ఎర్ర చుక్కల గీత. ఎన్ని సెట్లు పెడితే అన్నిటికీ చేత్తో రంగు వేయాలి. ఒక సెట్టులో డ్రైనేజీ గీత మరిచిపోతే, సరిగ్గా ఆ సెట్టే అధికారి బల్ల మీదికి చేరేది. ఎందుకలా అవుతుందో ఆ దేవుడికే తెలియాలి.

మా ఆఫీసులో అనుమతుల పనంతా చూసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. లైసెన్సు ఉన్న సర్వేయరు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో పొడుగాటి లెడ్జరు పుస్తకం. ఆయన మర్యాదలు చూసే నేను పని నేర్చుకున్నాను. ఏ ఆఫీసుకి వెళ్లినా ముందు నమస్కారం గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న అటెండరుకి. భోజనాల వేళ గడప తొక్కేవాడు కాదు. అధికారి చదువుతుండగా మధ్యలో నోరు విప్పేవాడు కాదు. "నా ఫైలు ఏమైందండీ" అని ఒక్కనాడూ అడగలేదు. ఇన్‌వార్డు నంబరూ తేదీ చెప్పేవాడు, అంతే. "మన ఫైలు మనకు ముద్దు. ఆయన బల్ల మీద అలాంటివి వందుంటాయి. నంబరు చెబితే ఆయనకి వెతుకులాట తప్పుతుంది" అనేవాడు. ఆ కాస్త కనికరం వల్ల ఎన్ని పనులయ్యాయో!

చేయి తడపడాలు లేవా తాతయ్యా అంటావు. ఉండేవి. లేవంటే నా నోరు పుచ్చిపోతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత ఊరికే పుట్టలేదు. కానీ నా అనుభవంలో ఆగిపోయిన ఫైళ్లలో ఎక్కువ భాగం కాగితం చాలక ఆగినవే. చట్టంలో ముప్ఫై రోజుల గడువు అప్పుడూ ఉంది. ఈలోగా జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. అయితే గడువు తీరడానికి ఒకటి రెండు రోజుల ముందు షార్ట్‌ఫాల్ ఉత్తరం ఒకటి వచ్చేది, ఫలానా కాగితం లేదని. అక్కడితో గడువు మళ్లీ మొదలు. యజమాని ఆఫీసుని తిట్టుకుంటాడు. తీరా చూస్తే అడిగిన కాగితం నిజంగానే లేదు.

పెద్దాయన కొత్త యజమానికి మొదటిరోజు ఒకటే మాట చెప్పేవాడు. "బాబూ, ఇంటికి మునిసిపాలిటీ ఒక్కటే అనుమతి ఇస్తుందనుకోకు. పంచభూతాలూ సంతకం పెట్టాలి. భూమి, ఆకాశం, గాలి, నీరు, నిప్పు. అయిదూ పెట్టాకే మునిసిపాలిటీ ముద్ర." ఆయన లెడ్జరులో ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. ఏ కాగితం దేని కోసం ఆగాలో బాణపు గుర్తులు. ఆ బాణాలే మా ఆఫీసు ఆస్తి.

భూమి సంతకమే అన్నిటికంటే కష్టం. 1976లో అర్బన్ ల్యాండ్ సీలింగు చట్టం వచ్చింది. హైదరాబాదులో ఖాళీ స్థలం వెయ్యి చదరపు మీటర్లు మించకూడదన్నారు. అంతకంటే తక్కువున్నవాడు కూడా తన దగ్గర మించి లేదని ఎన్‌ఓసీ తెచ్చి చూపించాలి. కలిగినవాళ్లు స్థలాలు తమ్ముళ్ల పేరు మీదా, అక్కచెల్లెళ్ల పేరు మీదా, తొట్లో పిల్లల పేరు మీదా రాసి, ఆ తర్వాత అన్నదమ్ముల మధ్య అగ్గి రాజుకుంటే లబోదిబోమన్నారు. కేంద్రం 1999లో ఆ చట్టాన్ని రద్దు చేసినా అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో 2008 దాకా ఉంది. ఇంకా సేల్ డీడు, లింకు డాక్యుమెంట్లు, స్థలం మీద బాకీలున్నాయో లేదో చెప్పే ఈసీ. జిరాక్సు ఊరూరా లేని రోజులు. డాక్యుమెంటు మొత్తం టైపు కొట్టించి, అడుగున ట్రూ కాపీ అని వేయించి, గెజిటెడ్ అధికారి చేత ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టించాలి. ఆయన ముందు మన ఒరిజినలూ టైపు కాపీనీ పక్కపక్కన పెట్టుకుని ఒక్కో మాటా చూస్తే ఓ పూట. చూడకుండా పెట్టేస్తే అయిదు నిమిషాలు. చూసి పెట్టేవాళ్ల దగ్గరికే పెద్దాయన వెళ్లేవాడు. టైపిస్టు చేతిలో సర్వే నంబరు ఒక అంకె మారిందంటే వేరే ఊరి భూమి అయిపోతుంది మరి.

కాగితం మీద భూమి ఒకటి, కాలి కింద భూమి ఇంకొకటి. ఇది చాలామందికి మింగుడుపడదు. ఒకాయన డాక్యుమెంటులో మూడువందల గజాలుంది. టేపు పట్టి కొలిస్తే రెండువందల ఎనభై ఆరు. "నేను డబ్బిచ్చింది మూడువందలకి, ప్లాను మూడువందలకే గీయండి" అని కూర్చున్నాడు. గీస్తే ఏమవుతుంది? రేపు తనిఖీకి వచ్చినవాళ్లు కొలిస్తే వెనక గోడ పక్కవాడి పెరట్లో తేలుతుంది. పక్కాయనకీ ఈయనకీ అప్పటికే ఉప్పూ నిప్పూ. పెద్దాయన ఏం చేశాడో తెలుసా? ఒక ఆదివారం పొద్దున్నే ఇద్దర్నీ పిలిచి, చాయ్ తెప్పించి, టేపు ఒక కొస ఈయన చేతికీ రెండో కొస ఆయన చేతికీ ఇచ్చాడు. "మీరే పట్టుకోండి, నేను చదువుతా" అన్నాడు. వాళ్ల చేత్తో వాళ్లు పట్టుకున్న టేపు కనక ఎవరూ కాదనలేకపోయారు. తక్కువున్న లెక్కకే ప్లాను గీశాం. గొడవ తీరిందని చెప్పను. పదిహేనేళ్ల తర్వాత కూడా ఇద్దరూ పలకరించుకోలేదు. కానీ ఇల్లు మాత్రం కోర్టుకెక్కలేదు.

గాలి సంతకమంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, సెట్‌బ్యాకు. "నా స్థలం, నా డబ్బు, చుట్టూ గాలికి వదలాలా?" ఈ ప్రశ్న అడగని యజమానిని నేను చూడలేదు. పెళ్లాం నగలు తాకట్టు పెట్టి కొన్న అడుగది, బాధ ఉండదూ! ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు కదా, పెళ్లిలో కట్నం దగ్గర వచ్చే పట్టుదల ఇంట్లో సెట్‌బ్యాకు దగ్గర వస్తుంది. ప్లాన్లో వదిలి, కట్టేటప్పుడు కలిపేసుకునేవాళ్లు. ముందు సజ్జా వస్తుంది. దాని మీద బాల్కనీ. బాల్కనీకి గ్రిల్లు. గ్రిల్లుకి కిటికీ. చివరికి అదొక గది. పక్కాయనా అదే పని చేస్తాడు. నాలుగేళ్లకి రెండిళ్ల గోడలూ ఒకదాన్నొకటి చూసుకుంటూ చీకట్లో ఉంటాయి. మధ్యాహ్నం పూట లైటేసుకుని బియ్యం ఏరుకునే ఇళ్లు నీకు చూపించమంటావా? ఆ వదిలిన మూడడుగులూ ఎవరికోసమో కాదురా, మన వంటింటి కోసమే.

అలా కట్టినవి పెరిగిపోయేసరికి, 1998లో ప్రభుత్వం డబ్బు కట్టించుకుని క్రమబద్ధం చేస్తామంది. అదే ఆఖరన్నారు. 2007 చివర్లో బీపీఎస్ అని మళ్లీ పెట్టారు. 2015లో మళ్లీ. ఎలాగూ ఇంకోటి వస్తుందిలే అని జనం నేర్చుకున్నారు. నాకు ఇదే కష్టంగా ఉంటుంది. నియమం ప్రకారం మూడడుగులు వదిలినవాడు వెర్రివాడయ్యాడు, కలుపుకున్నవాడు తెలివైనవాడయ్యాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? 2006లో వచ్చిన కొత్త నియమాల్లో, కట్టేదాంట్లో పదోవంతు మునిసిపాలిటీ పేర తాకట్టు పెట్టాలన్నారు. ప్లాను ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే అది వదులుతారు. బిల్డర్లు గోలపెట్టారు. నాకైతే సంతోషమేసింది. చేతులు కాలకముందే ఆకులు చేతికిచ్చినట్టయింది.

ఆకాశం సంగతి చెబితే నవ్వుతావు. అప్పుడు విమానాలు బేగంపేటలో దిగేవి. శంషాబాదుకి మారింది 2008 మార్చిలో. విమానం వచ్చే దారి దగ్గర కాస్త ఎత్తు కట్టాలంటే విమానాశ్రయంవాళ్ల ఎన్‌ఓసీ కావాలి. ఒక వ్యాపారికి అలాంటి కాగితం వచ్చింది. అందులో 560 మీటర్లని ఉంది. ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. వీధంతా మిఠాయి పంచాడు. కుతుబ్ మీనారు ఎంతరా, 73 మీటర్లు! తనది దానికి ఏడెనిమిది రెట్లు అవుతుందని లెక్క కట్టుకున్నాడు. పెద్దాయన మిఠాయి తిని, నీళ్లు తాగి, నెమ్మదిగా చెప్పాడు. "బాబూ, ఈ లెక్క సముద్రమట్టం నుంచి. బేగంపేట రన్‌వేయే 531 మీటర్ల ఎత్తున ఉంది. నీ స్థలం 520 దగ్గరుంది. నీకు మిగిలింది నలభై మీటర్లు." వ్యాపారి ముఖం చూడాలి అప్పుడు! కానీ మంచివాడు, పంచిన మిఠాయి గురించి ఒక్క మాటా అనలేదు.

నవ్వింది చాలు, ఇక్కడ నీకు పనికొచ్చేది ఉంది. మునిసిపాలిటీ ఎత్తు నేల నుంచి లెక్కిస్తుంది. పిట్టగోడా, మీద నీళ్ల ట్యాంకూ, లిఫ్టు గదీ అందులో కలపదు. విమానాశ్రయంవాళ్లకి ట్యాంకూ లెక్కే, లిఫ్టు గదీ లెక్కే, పిడుగు కడ్డీ కూడా లెక్కే. కట్టేది ఒకే ఇల్లు. రెండు ఆఫీసుల్లో రెండు ఎత్తులు. రెండూ నిజమే. ఈ రెండు నిజాల్ని ఒకే ప్రింటు మీద తప్పు లేకుండా చూపించగలగడమే నీ విద్య. విశాఖలో ఉన్న నీ స్నేహితుణ్ని అడుగు. అక్కడి విమానాశ్రయం నేవీవాళ్లది కనక ఎత్తు కోసం వాళ్ల దగ్గరికి వెళ్లాలి. పైగా 1991లో మొదలైన తీరప్రాంత నియమాల వల్ల అలలు ఎగదన్నే హద్దు నుంచి 500 మీటర్ల దాకా సముద్రం మాటా వినాలి.

నీరంటే మనకి నల్లా కనెక్షనే గుర్తొస్తుంది. అది చివర్లో వచ్చేది. మొదట అడగాల్సింది, నేను కట్టేచోట నీళ్ల దారి ఉందా అని. ఈ ఊరికి ఆ ప్రశ్న నేర్పింది మూసీ నది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత ఇంజనీరు విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. 1912లో ఊరిని బాగుచేయడానికి సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. మా మేనత్తగారి మామగారు చిన్నప్పుడు వాళ్ల పెద్దల నోట విన్న కబుర్లు చెప్పేవాడు, చెట్టెక్కి బతికినవాళ్ల గురించి... వద్దులే, అందులో పడితే ఇవాళ బయటికి రాను. ఆ రెండు చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల దాకా పెద్ద కట్టడాలు వద్దంటూ 1996లో 111 జీవో వచ్చింది. ఊళ్లో నియమం ఇంకోటి. పది హెక్టార్లూ అంతకు మించిన చెరువైతే నిండుమట్టం హద్దు నుంచి ముప్ఫై మీటర్లు వదలాలి. చిన్నదైతే తొమ్మిది మీటర్లు. సన్నటి నాలాకైనా రెండు మీటర్లు. ఎండాకాలంలో చెరువు చూసి "ఇక్కడ నీళ్లెక్కడివండీ" అంటారు జనం. చెరువుకి మతిమరుపు లేదురా. పదేళ్లకో ఇరవయ్యేళ్లకో తన జాగాకి తాను వస్తుంది. ఈమధ్య వానలకి కాలనీల్లో పడవలు తిరగలేదూ? ఆ ఇళ్లలో చాలావాటికి రిజిస్ట్రేషనుంది, కరెంటుంది, నల్లా ఉంది, ఇంటిపన్ను రసీదుంది. నీరొక్కటే సంతకం పెట్టలేదు.

నిప్పు దగ్గర నేను నవ్వను. నువ్వూ నవ్వకు. 1997 జూన్‌లో ఢిల్లీ ఉపహార్ సినిమాహాలు తగలబడి 59 మంది పోయారు. బయటికి పోయే దారిలో అదనంగా కుర్చీలు వేశారు, టిక్కెట్ల డబ్బుల కోసం. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో 1999లో అగ్నిమాపక చట్టం వచ్చింది. ఇళ్లయితే 18 మీటర్లు, వ్యాపార భవనాలైతే 15 మీటర్లు దాటితే ఫైరువాళ్ల అనుమతి కావాలన్నారు. పెద్ద భవనం చుట్టూ కనీసం ఏడు మీటర్ల ఖాళీ ఎందుకో తెలుసా? ఫైరింజను తిరగాలి. అక్కడ పూలకుండీలు పెట్టి, జనరేటరు పెట్టి, వాచ్‌మన్‌కి గది కట్టి, అనుమతి కాగితాన్ని మాత్రం ఫ్రేము కట్టించుకున్నవాళ్లున్నారు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో లాడ్జి కింద సెల్లారులో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము నడిపారు. అక్కడ మంటలు లేచి పొగ మెట్లెక్కింది. పైన బస చేసిన పొరుగూరివాళ్లు, ఎనిమిదిమంది ప్రాణాలు వదిలారు. సెల్లారు బండ్లు నిలుపుకోవడానికి. ఆ ఒక్క ముక్క ప్లాను మీద రాసి ఉంటుంది, ప్రతి ప్లాను మీదా. రాసిన ముక్కకి కట్టుబడి ఉంటే చాలు, ఒక్కోసారి అదే ప్రాణం.

ఇప్పుడు అసలు కిటుకు చెబుతాను, దగ్గరికి జరుగు. అయిదు ఆఫీసులు తిరగడం కష్టం కాదు, కాళ్లుంటే చాలు. అయిదు ఆఫీసులకీ ఒకే ఇల్లు చూపించడం కష్టం. ఎలాగంటావా? ఫైరు అధికారి రెండో మెట్ల దారి పెట్టమన్నాడనుకో. పెట్టావు. కింద అది పార్కింగులోకి దిగుతుంది. మూడు కార్ల జాగా పోయింది. పార్కింగు తగ్గితే నియమం ప్రకారం ఒక ఫ్లాటు తగ్గించాలి, లేదా సెల్లారు పెంచాలి. సెల్లారు పెంచితే తవ్వకం పక్కింటి గోడ దగ్గరికి పోతుంది. ఫ్లాటు తగ్గిస్తే విస్తీర్ణం మారింది, కట్టే ఫీజు మారింది, నీళ్ల లెక్క మారింది, కరెంటు లోడు మారింది. మొత్తం కట్టేది ఇరవై వేల చదరపు మీటర్లు దాటితే 2006 నుంచి పర్యావరణ అనుమతి కూడా కావాలి కదా, ఆ అర్జీలోనూ లెక్క మారింది. ఇప్పుడు ఏ ఆఫీసులో ఏ ప్రింటుంది? ఒకచోట పాతది, ఒకచోట కొత్తది. రెండూ కలిసిన రోజున "ఇది ఏ భవనమయ్యా" అని అడుగుతారు. అడగడం న్యాయమే.

ఒక పెద్ద పనిలో మాకు ఇలాగే జరగబోయింది. పెద్దాయన పట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ప్రతి ప్రింటు మూలా చేత్తో తేదీ వేయించాడు. కొత్త ప్రింటు బయటికి వెళ్లిన రోజున పాత ప్రింట్లన్నీ లెక్కపెట్టి తెప్పించి, తన ముందే నాలుగు ముక్కలు చేయించేవాడు. ట్రేసింగు కాగితం ఖరీదు, ప్రింటు ఖరీదు, యజమానులు గొణిగేవాళ్లు. వెనక్కి రాని ప్రింటు ఒకటుంటే, అది ఎక్కడుందో తేలేదాకా ఆయన భోజనానికి లేచేవాడు కాదు. లెడ్జరులో బాణాల పక్కన ఎర్ర పెన్సిలుతో తేదీలు. ఏ ఆఫీసుకి ఏ తేదీ ప్రింటు వెళ్లిందో ఆ పేజీ చూస్తే చాలు.

ఇప్పుడు మీకు చాలా సుఖం వచ్చింది, నేను కాదనను. ఇక్కడ 2016లో అనుమతులకి ఆన్‌లైను మొదలైంది. గీసిన బొమ్మని కంప్యూటరే చదివి సెట్‌బ్యాకులు కొలుస్తుంది. అయితే దాని పట్టుదల మా అధికారుల కంటే ఎక్కువ. లేయరు పేరు ఒక్క అక్షరం మారితే గోడని గోడ అనుకోదట కదా? మా అధికారి కనీసం కళ్లజోడు సర్దుకుని "ఇది గోడేనా?" అని అడిగేవాడు. 2020 నవంబరులో తెలంగాణలో టీఎస్ బీపాస్ అనే అనుమతుల పద్ధతి వచ్చింది. డెబ్బై అయిదు గజాల్లోపు చిన్నిల్లు కట్టుకునేవాడికి అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి పేరు నమోదు చేసుకుంటే చాలు. అయిదువందల చదరపు మీటర్ల లోపు స్థలంలో పది మీటర్ల ఎత్తు దాకా, మన మాట మీదే అప్పటికప్పుడు అనుమతి. ఆ పైనున్నవాటికి అన్ని శాఖలూ ఒకే కిటికీలో, 21 రోజుల గడువు. రూపాయి! అది విన్నరోజున నేను మా పెద్దాయన్ని తలుచుకున్నాను. కూలి పని చేసుకుని పైసా పైసా కూడబెట్టి రెండు గదులు వేసుకునేవాళ్లు ప్లాను కాపీ పట్టుకుని వరండాల్లో నిలబడితే, వాళ్ల దగ్గర ఫీజు పుచ్చుకోడానికి ఆయనకి చెయ్యి వచ్చేది కాదు.

కానీ మన మాట మీదే అనుమతి అన్నప్పుడు, ఆ మాట బరువెంతో చూసుకున్నావా? మా రోజుల్లో తప్పుంటే పట్టుకునేవాడు ఒకడుండేవాడు. విసుక్కునేవాళ్లం కానీ, ఆ విసుగు చాటున మనకో కాపు ఉండేది. ఇప్పుడు సంతకం యజమానిది, పక్కన మీ ఆఫీసుది. రాసిచ్చింది అబద్ధమని తేలితే నోటీసు కూడా ఇవ్వకుండా కూలగొట్టవచ్చని ఆ బీపాస్ చట్టంలోనే ఉంది. యజమాని "ఏమవుతుందిలే, పెట్టెయ్" అంటాడు. అన్నవాడు మంచివాడే, పిల్ల పెళ్లి లోపల గృహప్రవేశం కావాలన్న తొందర ఆయనది. ఆ తొందరకి నువ్వు సంతకం పెట్టకు. ఉద్యోగం పోతుందంటావా? పోనీ. ఇంత పని నేర్చుకున్నవాడికి ఇంకో ఆఫీసు దొరక్కపోదు.

అన్నట్టు, నీ చేతిలో ఉన్న ఆ అయిదంతస్తుల పని సంగతేమిటి? ఎత్తు పద్దెనిమిది మీటర్లకి కాస్త లోపల ఆపామని మీ అమ్మతో గొప్పగా చెప్పావట. కింద బండ్లు నిలిపే స్టిల్టు కలిపా, విడిచా? నీళ్ల ట్యాంకు ఎంత ఎత్తున పెట్టారు? స్థలం సముద్రమట్టం నుంచి ఎంతుందో సర్వేయరు చేత కొలిపించారా, లేక ఫోన్లో చూసి రాశారా? ఆవులించకు, జవాబు చెప్పు. తెలియదా? సరే. ఎల్లుండి ఆదివారం. పొద్దున ఏడింటికల్లా డాక్యుమెంటూ, మీ ఆఖరి ప్రింటూ, వంద అడుగుల టేపూ పట్టుకుని స్థలం దగ్గరికి రా, నేనూ వస్తాను. యజమానిని రమ్మను. పక్కింటాయనకి కూడా ఈ రాత్రే కబురు చెయ్యి, టేపు రెండో కొస పట్టుకోడానికి మనిషి కావాలి.